నాలుగో నంబరు నాలుక

సోమవారం, కార్తీక బహుళ నవమి. రేపటి నుంచి మేళా.

వదినా,

నువ్వెలా ఉన్నావు? పడుకునేటప్పుడు తలకింద రెండు దిళ్ళే పెట్టుకుంటున్నావా, మూడోది కావలసి వస్తోందా? కావలసి వస్తే దాచకుండా రాయి. అన్నయ్య మోకాలు ఎలా ఉంది? ఉప్పు మూటతో కాపడం పెట్టుకుంటున్నాడా, పెట్టుకున్నానని నీతో అబద్ధం చెబుతున్నాడా? కోడలు గౌరికి తొమ్మిదో నెల పడిందా? నడుం నొప్పి అన్నావు, బిందె ఎత్తనివ్వకు. నీళ్ళబండి దగ్గరికి అన్నయ్యనే పంపు, ఒక మోకాలు పోయినా రెండోది ఉంది. మేక పాలిస్తోందా? అందరికన్నా ముందు అడగాలనుకున్న మాట భయం వేసి ఆఖరికి తోశాను. పెట్టె ఎలా ఉంది? టుప్ టుప్ అని రెండు కొట్టి, స్ అని చిన్నగా వదులుతోందా? ఆ స్ అనేది సాగుతోందా?

ఈ దుమ్ముగాలి నెలలో మీ దిగువపేటకు మాట అందదు, బొమ్మ అందదు. కాగితం ఒక్కటే తీగకు వేలాడే తీగబండిలో దిగుతుంది. అందుకని ఈ నోటుబుక్కులో రోజూ రాసి శుక్రవారం సామాన్ల బండికి వేస్తాను. శనివారం నీ చేతికి వస్తుంది.

దసరాకు వచ్చినప్పుడు నీ ఊపిరిపెట్టె విప్పి, చీలిపోయిన రబ్బరు నాలుక తీసేసి, సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి పెట్టాను గుర్తుందా. అది కార్తీకం దాటదని అప్పుడే అన్నాను. అది పూర్తిగా చిరిగితే పెట్టె లోపలికి గాలి తోయదు. నీ సొంత ఊపిరితో గంట, మహా అయితే గంటన్నర. ఆ గంటన్నరనే తలుచుకుంటూ నేను అన్నం కలుపుతున్నాను, బట్టలు ఉతుకుతున్నాను, పడుకుంటున్నాను.

కంపెనీకి తొమ్మిది సార్లు ఫోను చేశాను. తొమ్మిది సార్లూ గొంతు పలికింది, మనిషి పలకలేదు. నీది లాంటి నాలుగో నంబరు పెట్టెలకు గౌరవంగా విశ్రాంతి ఇచ్చారట, ఇక నాలుకలు పోతపోయరట. పెట్టెకు విశ్రాంతి ఇస్తే మా వదినకు ఏమిస్తారని అడిగాను. మీ ప్రశ్న మాకు ఎంతో విలువైనది అంది ఆ గొంతు. విలువైనదాన్ని ఎక్కడ దాచుకుందో మళ్ళీ తీయలేదు. కొత్త పెట్టె పెట్టాలంటే పక్కటెముకల మధ్య కొత్త కన్నం వెయ్యాలి. డెబ్బై రెండేళ్ళ ఒంటికి ఆ పని చెయ్యనని డాక్టరమ్మ తెగేసి చెప్పింది కదా.

కంపెనీల మనుషులు ప్రాణాలతో ఒకచోట నిలబడేది ఏడాదికి నాలుగు రోజులే, ఈ మేళాలో. పందొమ్మిదేళ్ళుగా నేను పోతున్నాను. మా మెట్లవీధిలో నన్ను మేళా బంగారమ్మ అంటారని నాకు తెలుసు. అననీ. ఇంతకాలం చూడటానికి పోయాను. ఈసారి అడగటానికి పోతున్నాను.

మీ దగ్గరికి మనుషుల బండి ఆదివారం ఒకసారి, బుధవారం ఒకసారి దిగుతుంది. ఆదివారం అమావాస్య, నేను గడప దాటను. బుధవారం తదియ, మంచిది. ఆ రోజు వస్తాను.

మంగళవారం, దశమి

తలుపు తాళం మూడుసార్లు లాగి చూశాను. రెండు వరసల మెట్లు దిగాక కుళాయి కట్టేశానో లేదోనని మళ్ళీ ఎక్కాను. కట్టేసే ఉంది. వారం నీళ్ళు ఆ ఒక్క డ్రమ్ములోనే, పోతే ఎవరిస్తారు?

గేటు దగ్గర అందరి ఒంటిమీద ఉప్పుదుమ్ము ఊదేసే మర పెట్టారు. నా మీది దుమ్ము వెనకామె మీదికి, ఆమెది ఆమె వెనకామె మీదికి ఊదింది. కొత్తదట. చప్పట్లు కూడా కొట్టారు.

మొదటి హాల్లో చిరగని చీర. నిప్పంటదు, మాయదు, చిరగదు. అమ్మేవాడు కొంగు పట్టుకుని ఇద్దరు పహిల్వాన్లతో లాగించాడు. పాతబడ్డాక దీన్ని ఏం చేసుకోవాలి నాయనా అని అడిగాను. ఇది పాతబడదు అన్నాడు. మరి మసిగుడ్డ ఎక్కడినుంచి వస్తుంది? గౌరికి పుట్టబోయే బిడ్డ కింద ఏం వెయ్యాలి? దీపానికి వత్తి, వేలు తెగితే కట్టు, ఇవన్నీ ఆ పహిల్వాన్లు ఇస్తారా? ఇంట్లో పాతగుడ్డ లేకుండా ఒక పూట గడిపి చూడమన్నాను. అతను నా వెనకామెను పలకరించాడు.

రెండో హాల్లో పప్పు ఉడికిందని చెప్పే గరిటె. పప్పు ఉడికిందో లేదో రెండు వేళ్ళతో నొక్కితే తెలియని మనిషి ఆ గరిటె చెప్పినా నమ్మదు, మళ్ళీ నొక్కే చూస్తుంది.

మూడో హాల్లో ఒక చేతికర్ర. దానిమీద మాత్రం నాకు మనసు పడింది వదినా, నీ దగ్గర దాపరికం ఎందుకు. మనం మరిచిపోయామేమోనని బెంగపడే వాటికి అది జవాబు చెబుతుందట. పట్టుకుని నా తలుపు సంగతి అడిగాను. తాళం వేసే ఉంది, నిశ్చింతగా ఉండండి అంది. నా గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. నా పక్కన ఒక ముసలావిడ అదే కర్ర పట్టుకుని తన తలుపు సంగతి అడిగింది. తాళం వేసే ఉంది, నిశ్చింతగా ఉండండి అంది. ఆవిడకు ఇల్లే లేదు, సత్రం వరండాలో ఉంటుంది. కర్రను అక్కడే పెట్టేసి వచ్చాను.

నా సంగతి నీకు తెలుసు కదా, ముచ్చిక చూడకుండా వంకాయ కొనను, వెనక్కి తిప్పి చూడకుండా మరను నమ్మను. ఇవాళ నలభై ఒక్క వస్తువులు వెనక్కి తిప్పించాను. స్క్రూ ఉన్నది ఒక్కదానికే. గోటితో గీకితే అది కూడా బొమ్మ స్క్రూ, అందానికి అతికించారు. విప్పడానికి వీల్లేని వస్తువును కొనడమంటే పాడయ్యేదాకా అద్దెకు తెచ్చుకోవడమే. ఆ మాట అంటే ఈ జనానికి నవ్వు.

ఐదో హాల్లో ప్రాణవల్లి కంపెనీ. మన పెట్టెవాళ్ళే. పెద్ద గాజుబీరువాలో మైనపు మనిషి పడుకుని ఉన్నాడు, ఛాతీ లేచి పడుతోంది. పక్కన కొబ్బరికాయంత కొత్త పెట్టె. దానిపేరు మౌని. చప్పుడే చెయ్యదట. నాదస్వరం రికార్డు మాత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. చప్పుడు లేని వస్తువుకు ఇంత మేళం ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆ కొట్టుకు పెద్ద సువర్చల అనే ఆమె, నలభై ఏళ్ళుంటాయి. మాట్లాడేముందు నవ్వుతుంది, మాట్లాడాక నవ్వుతుంది. నాలుగో నంబరుకు రబ్బరు నాలుక ఒక్కటి ఇప్పించమ్మా అని అడిగాను. ఆమె నవ్వి, నాలుగో నంబరు ఇంకా వాడుతున్నారట అని పక్కవాళ్ళను పిలిచి చెప్పింది. నేనేదో ఎడ్లబండి కట్టుకుని హాల్లోకి వచ్చినట్టు అందరూ చూశారు.

"దాన్ని మ్యూజియానికి ఇచ్చేయండి మామ్మగారూ" అంది.

"ఇస్తానమ్మా. మా వదినను ఎక్కడ పెట్టాలో కూడా నువ్వే చెప్పు" అన్నాను.

కంపెనీ బొమ్మ ఉన్న సంచీ ఒకటి చేతిలో పెట్టి పంపించింది. లోపల కాగితం విసనకర్ర, ఒక చాక్లెట్టు. చాక్లెట్టు తిన్నాను. పుల్లగా ఉంది.

వాళ్ళ కొట్టు వెనకనుంచి రబ్బరు ఉడికిన వాసన వచ్చింది. ఎవరి చెప్పో దీపానికి అంటుకుందనుకుని, మంటలు లేస్తే ఎటు పరిగెత్తాలో తలుపులు లెక్కపెట్టుకున్నాను. ఏడున్నాయి. ఇంటికి వచ్చి చూస్తే తాళం వేసే ఉంది. కర్ర నిజమే చెప్పింది, కానీ తెలిసి చెప్పలేదు.

బుధవారం, ఏకాదశి

పొద్దున్నే అన్నయ్య రాసిన ముక్క అందింది. రెండే వరసలు. మూడో దిండు పెట్టాం. స్ అని సాగుతోంది, నీ వదిన రాయవద్దంది. అంతే.

నేను ఏం తిన్నానో, మెట్లు ఎలా దిగానో గుర్తులేదు. తాళం ఒక్కసారే లాగి చూశాను.

ఇవాళ వేరే హాళ్ళ మొహం చూడలేదు. నేరుగా ప్రాణవల్లి కొట్టు ముందు నిలబడ్డాను. మౌనిని కొంటే ఊపిరితో పాటు పరువు కూడా వస్తుందని ఎవరో మైకులో చెబుతున్నాడు. పెళ్ళిచూపుల్లో చప్పుడు వినపడదట. ఊపిరి అందనివాడికి పెళ్ళిచూపుల గొడవ.

అంతలో పన్నెండు కొట్టింది. మునిగిన ఊళ్ళ నిమిషం రోజూ మీ దగ్గర పాటిస్తారు, ఇక్కడా పాటిస్తారు. సైరన్ మోగగానే హాల్లో మైకులు, పాటలు, మరల చప్పుళ్ళు అన్నీ కట్టేశారు. ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. నేను ఎప్పట్లాగే కళ్ళు మూసుకుని మునిగిపోయిన మన పాతరేవును తలుచుకున్నాను, రాముల గుడి మెట్టు, చేపల వాకిలి, మా అమ్మ.

టుప్ టుప్. స్.

ముందు అది నా చెవిలోదే అనుకున్నాను. పదకొండు దసరాలు నీ మంచం పక్కనే పడుకున్నాను కదా వదినా. నా గుండె చప్పుడైనా మరిచిపోతాను గానీ అది మరిచిపోను. కళ్ళు తెరిచాను. మైనపు మనిషి ఛాతీ లేచినప్పుడు టుప్ టుప్, పడినప్పుడు స్. గాజుబీరువాలోంచే.

ఆ నిమిషంలో మాట్లాడకూడదు. నోరు నొక్కుకుని నిలబడ్డాను. నాకు ఎదురుగా చీపురు పట్టుకుని లచ్చన్న నిలబడి ఉన్నాడు. అన్నయ్యతో పాటు ఉప్పుమళ్ళలో మేస్త్రీగా చేసిన లచ్చన్నే, ఇప్పుడు ఇక్కడ హాళ్ళు ఊడుస్తున్నాడు. అతనికీ నాలుగో నంబరే. అతని కళ్ళు బీరువా మీద ఉన్నాయి. తరవాత నా మీదికి తిరిగాయి.

నిమిషం అయిపోయింది, నాదస్వరం లేచింది. నేను బీరువా దగ్గరికి వెళ్ళి, దీన్ని వెనక్కి తిప్పు తల్లీ, చూస్తాను అన్నాను. సువర్చల నవ్వు ఆపకుండానే కాపలావాళ్ళకు సైగ చేసింది. నీ ఆడపడుచు వీరత్వం చెప్పుకోవాలి. ఇంకో చాక్లెట్టు కోసం వచ్చానని చెప్పి తప్పుకున్నాను. ఇచ్చింది కూడా.

లచ్చన్న నన్ను చెత్తబళ్ళు పోయే సందులోకి తీసుకెళ్ళాడు. చొక్కా కింద పెట్టెకు నాలుగు మడతల గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. చూడవచ్చినవాళ్ళకు చప్పుడు వినపడకూడదని ఊడ్చేవాళ్ళందరికీ మేళావాళ్ళు పెట్టిన నియమమట.

"మొదటిరోజే ఇన్నానప్పా" అన్నాడు. "నా పెట్టే అనుకున్నాను. ఇన్ని గుడ్డలు సుట్టినా ఇంత గట్టిగా కొట్టుకుంతందేటి, పని పోద్దేమో అని బయపడ్డాను."

ఆ సందు ప్రాణవల్లి కొట్టు వెనక్కి తేలింది. తెర వెనక ఒక నడివయసు మనిషి స్టూలు మీద కూచుని పులిహోర తింటున్నాడు. పక్కన చిన్న పొయ్యి, దానిమీద ఆవిరి వస్తున్న గిన్నె. రబ్బరు వాసన అక్కడిదే. పేరు కూర్మన్న. పెట్టెలు తయారుచేసే మేస్త్రీ, మన నాలుగో నంబరు చేసినవాళ్ళలో ఒకడు. నన్ను చూసి ముందు ఇక్కడికి రాకూడదండీ అని పట్నం మాట మాట్లాడాడు. మౌని కడుపులో నాలుగో నంబరు ఉంది కదా నాయనా అన్నాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

తరవాత దాచలేదు. అసలు మౌని పరీక్షలో రెండు రోజులు నడిచి నిజంగానే మౌనం పట్టిందట. మేళా తేదీ మారదు, కనుక పాత పేగులు కొత్త చిప్పలో పెట్టండి అన్నారట పైవాళ్ళు. ఆ చిప్పకు సరిపడా గట్టిగా తోసేసరికి నాలుక రెండు రోజులకొకటి చిరుగుతోంది. అందుకని అచ్చు వెంట తెచ్చుకుని కొట్టు వెనకే పోతపోస్తున్నాడు. ఆ గిన్నెలో ఉన్నది అదే. లక్షలమంది ఎగబడి చూస్తున్న అద్భుతం ఇడ్లీలాగా ఉడుకుతోంది వదినా.

ఒక్కటి ఇవ్వమన్నాను. మూడో దిండు సంగతి చెప్పాను. అతను డబ్బాలోంచి ఒకటి తీశాడు. చిటికెనవేలి గోరంత, నల్లగా నిగనిగలాడుతూ. నా అరచేతికి బెత్తెడు దూరం దాకా వచ్చింది. అప్పుడే తెర అవతల సువర్చల గొంతు వినపడింది. చెయ్యి జేబులోకి పోయింది.

"లోపలి వస్తువు బయటికి పోతే నా ఉజ్జోగం పోద్దమ్మా" అన్నాడు తల దించుకుని.

పాతికేళ్ళు ఊపిర్లు తయారుచేసినవాడు. ఒక ఊపిరిని దాచడానికి జేబు వెతుక్కున్నాడు.

సందు చివర టీకొట్టు దగ్గర లచ్చన్న మిగతా ఊడ్చేవాళ్ళను పిలిచాడు. నాలుగో నంబరు వాళ్ళు అతనితో కలిపి తొమ్మిదిమంది, ఆరుగురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. అందరివీ అతుకుల నాలుకలే. ఒకామెది బెలూను ముక్క. రేపు పన్నెండుకు ఏం చేద్దామో మాట్లాడుకున్నాం. మీ పనులు పోతాయేమోరా, నా మూలంగా వద్దు అని నేనే వెనక్కి లాగాను. లచ్చన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"పని పోతే ఇంకో సీపురు దొరుకుద్దప్పా" అన్నాడు. "ఇది పోతే ఏటి దొరుకుద్ది?"

గురువారం, ద్వాదశి

నిద్రలేదు, ఆకలి లేదు. కాపలావాళ్ళు కొడతారేమో, లచ్చన్న పెట్టె ఆ తోపులాటలో ఆగిపోతుందేమో, ఈ ముసలిదాన్ని జైల్లో పెడితే నీకు నాలుక ఎవరు తెస్తారో, అన్నీ వరసగా అనుకున్నాను. అయినా పదకొండున్నరకు అక్కడ ఉన్నాను.

ఇవాళ ఆసుపత్రులకు సరుకు కొనే పెద్దలు వచ్చారు, పాతికమంది. సువర్చల పట్టుచీర మార్చింది. మైనపు మనిషికి కూడా కొత్త పంచె కట్టారు.

సైరన్ మోగింది. నాదస్వరం ఆగింది. తొమ్మిదిమందీ తొమ్మిది వైపులనుంచి చీపుర్లతో వచ్చి బీరువా చుట్టూ నిలబడ్డారు. ఊడ్చేవాళ్ళను ఎవరు చూస్తారు, ఎవరూ చూడలేదు. నిలబడి, చొక్కాల కింద, రవికల కింద చేతులు పెట్టి, గుడ్డలు విప్పి కింద పడేశారు.

టుప్ టుప్. స్. ఒకరిది ముందు, ఒకరిది వెనక, ఒకరిది సాగుతూ, ఒకరిది తడబడుతూ. పదోది గాజులోంచి.

ఎవరూ మాట్లాడటానికి లేదు. నవ్వడానికి లేదు. మైకు పెట్టడానికి లేదు. ఆ నిమిషాన్ని చెడగొట్టిన కంపెనీ మళ్ళీ మేళాలో అడుగుపెట్టలేదు, ఆ సంగతి సువర్చలకు నాకన్నా బాగా తెలుసు. కొనవచ్చిన పెద్దలు ముందు ఊడ్చేవాళ్ళ ఛాతీల వైపు చూశారు. తరవాత మైనపు మనిషి వైపు చూశారు. వాళ్ళలో ఒకాయన వంగి బీరువాకు చెవి ఆనించాడు. అరవై లెక్కపెట్టేలోపు సువర్చల నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కింద మనిషి లేదు.

నిమిషం అయిపోగానే ఆ పెద్దాయన, దీన్ని ఒకసారి వెనక్కి తిప్పించండి అన్నాడు. పందొమ్మిదేళ్ళలో నా మాట ఇంకొకరి నోట వినడం ఇదే మొదలు. సువర్చల తడుముకోలేదు. అది పాతవాళ్ళకు బెంగ కలగకుండా కావాలని చేర్చిన సంప్రదాయ ధ్వని అని చెప్పింది. దానికి కూడా ఇద్దరు తలూపారు. ఈ జనాన్ని తలుచుకుంటే నాకు మాటలు చాలవు.

నన్ను తెర వెనక్కి పిలిపించింది. కాపలావాళ్ళకు పట్టిస్తుందనుకుని నేను సంచీలో బట్టల జత ఉందో లేదో చూసుకున్నాను. కానీ కుర్చీ వేసింది. మీ వదినగారికి మౌనిని ఉచితంగా ఇస్తాం అంది. కడుపులో ఏమున్న మౌని అని అడిగాను. అయితే నాలుకల డబ్బా తీసుకెళ్ళమంది. ముప్పై ఆరున్నాయి. ఏడాదికొకటి చొప్పున తొమ్మిదిమందికీ నీకూ పంచితే నాలుగేళ్ళు కూడా రావు. దిగువపేటలో ఇంకెంతమంది ట్యూబు ముక్కలతో ఊపిరి తీస్తున్నారో నీకు తెలుసు.

"డబ్బా వద్దమ్మా. అచ్చు ఇయ్యి" అన్నాను.

"అది కంపెనీ ఆస్తి మామ్మగారూ."

"విశ్రాంతి ఇచ్చేశారు కదా. విశ్రాంతి తీసుకునేదానితో కంపెనీకి ఏం పని? రేపు మంత్రి వస్తాడంట. రేపు కూడా పన్నెండు కొడతాది."

అయితే ఇస్తాను, రేపు నిమిషంలో మీవాళ్ళు గుడ్డలు విప్పకూడదు, దగ్గరికి రాకూడదు అంది. వాళ్ళ పనులు తియ్యకూడదు అన్నాను నేను. సరే అంది. కూర్మన్న అప్పటిదాకా మూలన నిలబడి ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే పొయ్యి ఆర్పి, గిన్నెలోంచి అచ్చు తీసి నా ఒళ్ళో పెట్టబోయాడు. కాలుతోంది. నా చీర కొంగు పాతదే కనుక పర్రున జానెడు చింపి అందులో పట్టుకున్నాను.

ఇడ్లీ రేకులాగా ఉంది వదినా. ఇత్తడిది, రెండు పలకలు, నాలుగు గుంటలు, మధ్యలో బిగించడానికి రెండు స్క్రూలు. నిజమైన స్క్రూలు. రబ్బరు పాలు పొయ్యడం, బుడగ లేకుండా తట్టడం, ముప్పావు గంట ఆవిరి పెట్టడం అన్నీ కూర్మన్న చెప్పాడు, రెండుసార్లు నాచేత చెప్పించుకున్నాడు. రబ్బరు పాల సీసా తనదే ఒకటి సంచీలో పెట్టాడు.

"నా సేత్తో సేసిన మొదటి అచ్చమ్మా ఇది" అన్నాడు. ఆ మాట నిన్ననే ఎందుకు అనలేదని అడగబోయి మానేశాను. అంత కోపం ఖర్చుపెట్టడానికి నాకు టైము లేదు.

శుక్రవారం, త్రయోదశి

పొద్దున్నే ఇడ్లీ గిన్నెలో నీళ్ళు పోసి మొదటి పోత పెట్టాను. నాలుగు గుంటల్లో ఒకటి బుడగ వచ్చి పోయింది, మూడు నిలిచాయి. పళ్ళతో కొరికాను, లాగాను, దీపానికి ఎదురుగా పెట్టి చూశాను. అయినా ముందు నీకే పెట్టి చూడాలంటే నా ప్రాణం ఒప్పలేదు. వాటిని మేళాకు పట్టుకెళితే లచ్చన్న తనకు పెట్టమన్నాడు. వద్దురా, నీకేమన్నా అయితే అంటే, ఎవరికో ఒకరికి అవ్వాలి కదప్పా అని సందులో చెత్తబండి మీద వెనక్కి వాలి పడుకున్నాడు. నీకున్నంత సొంత ఊపిరి అతనికి లేదు, నాలుగు స్క్రూలు విప్పి, పాతది తీసి, కొత్తది పెట్టి బిగించేసరికి అతని పెదవులు నీలం తిరిగాయి.

టుప్ టుప్. స్. చిన్నగా, కుదురుగా. లచ్చన్న కళ్ళు మూసుకుని పది ఊపిర్లు తీశాడు. లేచి చీపురు తీసుకుని పనిలోకి పోయాడు.

పన్నెండుకు మంత్రి వచ్చాడు. మాట ప్రకారం తొమ్మిదిమందీ గుడ్డలు బిగించి కట్టుకుని గేటు దగ్గరే ఉన్నారు. నేనూ దూరంగా నిలబడ్డాను. కానీ ఆ కొట్టు ముందు నిన్నటికి రెండింతల జనం. ఈ మేళాలో పందొమ్మిదేళ్ళుగా చిరగని చీరలకు, మాట్లాడే గరిటెలకు నోళ్ళు వెళ్ళబెట్టిన జనమే. సైరన్ మోగగానే ముసలమ్మలు నలుగురు చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు, వాళ్ళను చూసి మిగతావాళ్ళు పెట్టుకున్నారు, వాళ్ళను చూసి మంత్రి కూడా పెట్టుకున్నాడు. మా పెట్టెలకు గుడ్డలు చుట్టుకుంటామని మాట ఇచ్చాం. జనం చెవులకు చుడతామని ఇవ్వలేదు. మంత్రి దాన్ని వెనక్కి తిప్పమన్నాడో లేదో నేను ఉండి చూడలేదు. సామాన్ల బండికి వేళవుతోంది, ఈ పుస్తకం అందాలి.

ఇప్పుడు తీగబండి వరండాలో కూచుని రాస్తున్నాను. అచ్చు నా ఒళ్ళో ఉంది. పొద్దున్నవి మూడింటిలో మిగిలిన రెండు నాలుకలు ఈ పుస్తకంలోనే పెట్టి పంపిద్దామనుకున్నాను. కానీ అన్నయ్య చేతికి స్క్రూడ్రైవరు ఇవ్వడమంటే నాకు నమ్మకం లేదు, పెట్టె విప్పాక ఆయన తడుముకుంటే నీ గంటన్నర ఎవరు లెక్కపెడతారు? మిగతా ఎనిమిదిమందికి రేపు కూచుని పోతపోసి పెట్టి వస్తాను. అంతదాకా నువ్వు మంచం దిగకు. నాలుగో దిండు పెట్టుకో. మాట తక్కువ మాట్లాడు. స్ మరీ సాగితే పెట్టె పక్కనున్న పిడిని చేత్తో మెల్లగా నొక్కుతూ ఉండమని గౌరికి చెప్పు, నీకు చూపించాను కదా.

బుధవారం తదియ మంచిదని మొదట రాశాను. అది కొట్టేశాను, పైన చూడు. బుధవారం దాకా నా నాలుక ఆగుతుందేమో గానీ నీ పెట్టెది ఆగదు. నా అరవై ఎనిమిదేళ్ళలో అమావాస్య పూట గడప దాటింది లేదు, అన్నయ్య సణుగుతాడు, సణగనీ. దారిలో తీగ తెగుతుందేమోనని, తాళం వెయ్యడం మరిచిపోతానేమోనని, దుమ్ము లేస్తుందేమోనని నా బెంగలు నాకున్నాయి. అవి కూడా నాతోనే బండి ఎక్కుతాయి. అన్నయ్యను ఆ మోకాలితో బండి దగ్గరికి రావద్దను. పొయ్యి మీద ఇడ్లీ గిన్నె పెట్టి నీళ్ళు మరిగించి ఉంచండి, పిండి రుబ్బకండి.

ఆదివారం, కార్తీక అమావాస్య, పొద్దున్న బండికి వస్తున్నాను.

బంగారమ్మ